లేని అరవై గుంటలు

గద్వాల
జులై 7

కృపా,

మా ఇంట్లో నన్ను చదవడం ఎవరికీ రాదే. అన్నం వద్దంటే పొగరంటారు. రెండోసారి వడ్డించుకుంటే తిండికి తక్కువ లేదంటారు. కిటికీ దగ్గర గాలికి నిలబడితే వీధిలో ఎవరో వస్తున్నారనుకుంటారు. మొన్న అమ్మీ పక్కింటి రాధమ్మతో అంటోంది: "మా అర్షియాకు కాలు ఒక్కతాన నిలువది. నౌకరీ దొరికినా గంతే. కంప్యూటర్ ముంగట కూసోని ఎర్ర డబ్బీలు, పచ్చ డబ్బీలు ఆడుకుంటది." నేను గోడకు ఇవతలే ఉన్నానని తెలిసే అంది.

అబ్బాది ఇంకో తీరు. దుకాణానికి పంపు మోటార్లు వైండింగుకు తెచ్చే రైతులందరికీ "మా బిడ్డ మూడు జిల్లాల పంతుళ్ళ మీద ఆఫీసరు" అని చెప్పి పెట్టాడు. మా అన్న బాసిత్ భాయ్ అయితే మరీ. "మార్కులు నీ చేతులనే ఉంటయంట గద? మా దోస్తు బిడ్డవి జర పెంచు" అంటాడు. కుదరదంటే రెండు రోజులు మాట్లాడడు. నువ్వు నిజంగా ఏం చేస్తున్నావని ఒక్కరూ అడగరు. అడగకుండానే అందరికీ తెలుసు.

నువ్వు అడిగావు గనక చెప్తాను. వనపర్తి హాస్టల్ మెట్ల మీద కూర్చుని అభ్యసన ఫలితాలు బట్టీ పట్టామే, అదే ఇప్పుడు నా కొలువు. 'ఐదో తరగతి పిల్లలు కొలతలను ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చగలగాలి.' ఇది ఒక ఫలితం, దానికో నంబరు. ఆ నంబరుకు పరీక్షలోని మూడు ప్రశ్నలను నేను ముడివేస్తాను. మన సంస్థ తరఫున బడుల్లో పాఠాలు చెప్పే మీ వాలంటీర్లు పిల్లల జవాబులు యాప్‌లో ఎక్కించగానే మూడింటిలో రెండు సరైతే ఆ పిల్ల గడి పచ్చబడుతుంది, లేకపోతే ఎర్రబడుతుంది. ఒక్కో ఫలితానికి మూడు ముళ్ళు అని ఇంట్లో వివరిస్తుంటే రాధమ్మ గోడ మీంచి తొంగి చూసి "మూడు ముళ్ళా? ఎప్పుడు బిడ్డా?" అంది. ఇదీ మా ఇంటి సంగతి.

ప్రశ్నలు పై నుంచి వస్తాయి. ఎక్కడో సముద్రం వైపు వాళ్ళు రాసినవి. మన పిల్లలకు అందని మాటలుంటే మార్చమన్నారు. వేరుశనగ ఉన్నచోట పల్లి పెట్టాను. ఆసుపత్రి తీసి దవాఖాన పెట్టాను. భూమి లెక్కల్లో సెంట్లు తీసి గుంటలు పెట్టాను. ఒక్క మీట నొక్కితే అన్ని ప్రశ్నల్లోనూ మారిపోతుంది. మా మేనేజర్ ప్రేమ్ కుమార్ సార్ మీటింగులో నన్ను లేపి చప్పట్లు కొట్టించారు. ఇంటికొచ్చి చెప్తే అమ్మీ, "చప్పట్లు సరే. ఉప్పు తెమ్మన్న, తెచ్చినవా?" అంది.

ఫోన్ చెయ్యమనకు. ఇక్కడ ఉన్నవి రెండు గదులు, అందరి చెవులూ నా మీదే. ఉత్తరమే రాయి. నీ బడి గురించి అంతా రాయి.

అర్షియా

*

లింగాల
ఆగస్టు 11

అర్షీ,

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ బడికే తెచ్చి ఇచ్చాడు. "మేడంకు కోర్టు కాయితం వచ్చింది" అని పిల్లలు ఒకటే గోల. ఉత్తరం అంటే వాళ్ళకు కోర్టు నుంచి గానీ, బ్యాంకు నుంచి గానీ రావాలి.

నేను బాగున్నాను. లింగాలలో గది తీసుకున్నాను. అక్కడి నుంచి షేర్ ఆటోలో ఏడు కిలోమీటర్లు పోతే మా ఊరి బడి. ఐదో తరగతిలో ఇరవై ఒక్కమంది. సగం మంది అమ్మానాన్నలు పుణె పనులకు పోయారు, పిల్లలు నాయనమ్మల దగ్గర పెరుగుతున్నారు. పెంటమ్మ అని ఒక పెద్దావిడ ఉంది, ఆమె మనవరాలు నాకంటే వేగంగా నోటి లెక్క చేస్తుంది. నేను వేళ్ళు మడుస్తుంటే నవ్వుతుంది కూడా. "మేడం, యేళ్ళు అయిపోతె నాయి తీస్కో" అంటుంది.

మొదటి పరీక్ష అయింది. దాచడమెందుకు, కొలతల గడి ఎర్రబడింది. ఇరవై ఒక్కమందికి ఇరవై ఒక్కమంది. నాగర్‌కర్నూల్‌లో మన సంస్థ సమీక్ష పెట్టి, తెర మీద మా బడి పేరు వేసి నన్ను లేచి నిలబడమన్నారు. "కృప గారూ, క్లాసంతా ఎరుపు వచ్చిందంటే తప్పు పిల్లలది కాదు" అన్నారు మీ ప్రేమ్ కుమార్ సార్. నవ్వుతూనే అన్నారు. వెనక వరుసలో ఎవరో, "బీఎడ్ యాడ జేసిందో" అన్నారు. ఇద్దరం ఒక్కచోటే చేశాం కదా, సగం మాట నీకు పంపుతున్నాను.

అక్టోబరులో పోల్చి చూడటానికి అవే ప్రశ్నలు మళ్ళీ పెడతారట. అప్పుడూ ఎరుపే వస్తే నన్ను వాలంటీరుగా కొనసాగించరు. ఈ మాట మా నాయిన ఇమ్మానుయేల్‌కు చెప్పలేదు. ఆయన ఇంకా కనబడ్డవాళ్ళందరికీ "నా బిడ్డ పంతులమ్మ" అని చెప్పుకోవడంలోనే ఉన్నాడు.

ఒక్క మాట. ఆ కొలతల ప్రశ్నలు మూడూ భూమి లెక్కలే. వాటి జవాబులు ఒకసారి నీ చేత్తో వేసి చూస్తావా? తొందరేం లేదు. వీలుంటేనే.

నీ
కృప

*

గద్వాల
ఆగస్టు 21

కృపా,

నీ ఉత్తరం చదివిన రోజే చూశాను. ముడి సరిగానే ఉంది. ప్రశ్నలు ఐదో తరగతివే, ఫలితం ఐదో తరగతిదే, నంబరు తప్పు పోలేదు. నీ బడి ఒక్కటే అనుకోకు. మూడు జిల్లాల్లో మావి నూట పద్నాలుగు బడులు, చాలావాటిలో ఆ గడి ఎరుపే. గద్వాల టౌన్‌లో మాత్రం కొన్ని పచ్చగా ఉన్నాయి. నేర్పితే వస్తుందనే కదా దాని అర్థం?

కోపం తెచ్చుకోకు, మనదానివని చెప్తున్నాను. హాస్టల్లో ఉన్నప్పుడూ నీది ఇదే వరస. బోధనాభ్యాసంలో పిల్లలు తప్పు చేస్తే ప్రశ్నపత్రాన్ని తిట్టేదానివి. పిల్లల మీద ప్రేమ వేరు, కొలవడం వేరు. వాళ్ళకు కొలతలు మార్చడం రాదు, అంతే. ఆ ఊళ్ళల్లో ఇంటి దగ్గర చెప్పేవాళ్ళు కూడా ఉండరు కదా, నీ తప్పేముంది. యాప్‌లో వీడియోలున్నాయి, చూపించు. రోజూ పదిహేను నిమిషాలు చేయిస్తే అక్టోబరుకు పచ్చబడుతుంది.

ఇక్కడ కొత్త వింత. అబ్బా మాటలు నమ్మి ఒక రైతు, పంతులైన తన కొడుకు బదిలీ కోసం నన్ను కలవడానికి వచ్చాడు. అబ్బా కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. బదిలీలు నా చేతిలో ఉండవని చెప్పేసరికి చేతనయ్యీ చెయ్యనిదాన్ని చూసినట్టు ఇద్దరూ నావైపు చూశారు. ఆయన పోయాక అబ్బా, "జర మెత్తగ చెప్పరాదా బేటీ" అన్నాడు.

ధైర్యంగా ఉండు.

అర్షియా

*

లింగాల
అక్టోబరు 17

అర్షియా,

నువ్వు చెప్పినట్టే చేశాను. రోజూ పదిహేను నిమిషాలు. కొలతల గడి పచ్చబడింది, ఇరవై ఒక్కమందికి ఇరవై ఒక్కమంది. నన్ను ఏప్రిల్ దాకా కొనసాగిస్తున్నట్టు కాగితం వచ్చింది. నాయినకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు.

నవంబరు 29న వనపర్తిలో మూడు జిల్లాల సభ ఉందట. మా బడి ఎరుపు నుంచి పచ్చకు ఎట్లా మారిందో నన్ను వేదిక మీద చెప్పమన్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

పత్తి ఏరే రోజులు, పిల్లలు తక్కువ వస్తున్నారు. పెంటమ్మ మనవరాలు వస్తుంది గానీ నాతో మాట్లాడటం లేదు. చిన్న సంగతే.

కృప

*

గద్వాల
నవంబరు 9

కృపా,

ఈ ఉత్తరాన్ని నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇది ఐదోది, ఎట్లా వస్తే అట్లా పంపుతాను.

పోయిన ఆదివారం ధరూర్‌లో అమ్మీ చెల్లెలు నూరున్నీసా ఖాలా ఇంటికి పోయాం. ఖాలా వాళ్ళాయన యాసంగి వరికి పొలం కౌలు మాట్లాడుకుంటున్నాడు. పొలమాయన, "ఎకరం పది గుంటలుంటది" అన్నాడు. టీ గ్లాసులు అందిస్తున్నదాన్ని, ఊరుకోవచ్చు కదా, "అంటే నూటపది గుంటలు" అన్నాను. వాకిట్లో అందరూ నావైపు తిరిగారు. తర్వాత నవ్వు. పొలమాయన గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "ఓ ఆఫీసర్ సాబ్, నీ ఎకరం శాన పెద్దగున్నది. గదేదో నాకే కౌలుకియ్యి!" ఖాలా దుపట్టా కొంగు నోట్లో కుక్కుకుంది. అబ్బా ఒక్కడు నవ్వలేదు. "ఎకరానికి నలభై గుంటలు బేటీ. నీకు తెల్వదా?" అన్నాడు. వెటకారం లేకుండా అడిగాడు. అందుకే తల ఎత్తలేకపోయాను.

మాకు గుంటెడు జాగా లేదు. అది సాకు కాదు. దుకాణం ముందు రోజంతా రైతులే కూర్చుంటారు, నేను వాళ్ళను దాటుకునే ఆఫీసుకు పోతాను. ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు. ఎకరానికి నూరు సెంట్లు గనక నూరు గుంటలు అనుకున్నానా అంటే, అదీ లేదు. ఏమీ అనుకోలేదు. మీట నొక్కాను. మాట మారింది, జవాబు మారలేదు.

సోమవారం ఆఫీసుకు పోయి నీ బడి మొదటి పరీక్ష జవాబులు తెరిచాను. అదివరకు ఏ బడివీ తెరవలేదు. రంగులు చూస్తే చాలు కదా. ఎకరంలో ఇరవై ఐదు గుంటలు అమ్మితే మిగిలేదెంత? పదిహేను, పదిహేను, పదిహేను. పద్దెనిమిది మంది పిల్లలు అదే రాశారు. జవాబు డెబ్బై ఐదని నా దగ్గర ఉంది. ఎకరంన్నర అంటే? అరవై అన్నారు, నా దగ్గర నూటయాభై. లెక్క వచ్చిన పద్దెనిమిది మందికి రాదని రాశాను. గద్వాల టౌన్‌లో పొలం గట్టు తొక్కని పిల్లలు డెబ్బై ఐదు అంటే వాళ్ళకు వచ్చని రాశాను. పైగా నీకు ఉత్తరంలో పాఠం చెప్పాను. ఆ ఆగస్టు ఉత్తరంలో ఒక్కో వాక్యం ఇప్పుడు గుర్తొస్తుంటే ఆఫీసులో ఎవరైనా పిలిచినా ఉలిక్కిపడుతున్నాను.

ఇంకా ఉంది. అమరచింత నుంచి మాసయ్య సార్ అనే ఆయన ఆగస్టులోనే యాప్‌లో ఫిర్యాదు పెట్టారు. "ఎకరం అనగా 40 గుంటలు. దయచేసి చూడగలరు." ఆ ఫిర్యాదు చూసి మూసింది నేనే. "ముడి సరిగానే ఉంది" అని జవాబిచ్చి మూశాను. చదివానో లేదో కూడా గుర్తులేదు.

ప్రేమ్ కుమార్ సార్‌కు చెప్పాను. ఆయన లేచి తలుపు వేశారు. "చూడమ్మా, రిపోర్టు పైకి పోయింది. ఈ ప్రాంతం పిల్లలు తమ చుట్టూ ఉన్నవాటిని కొలవలేరు అని రాసి పంపినం. ఇప్పుడు తప్పు మాదే అంటే మొత్తం లెక్క మీద అనుమానం వస్తది. జనవరి పరీక్షకు జవాబు మార్చేద్దాం. చప్పుడు చెయ్యకు" అన్నారు. నేను తలూపి వచ్చాను. తలూపి ఆరు రోజులైంది.

తర్వాత నీ అక్టోబరు జవాబులు చూశాను. డెబ్బై ఐదు. నూటయాభై. ఇరవై ఒక్కమందివీ ఒక్కటే. కృపా, మీ ఊళ్ళో ఎకరం ఎప్పుడు పెరిగింది? నీకు ముందే తెలుసా?

అర్షియా

*

లింగాల
నవంబరు 17

అర్షియా,

తెలుసు. మొదటి రోజే తెలుసు. సెంట్లు తీసి గుంటలు పెట్టానని జులైలో నువ్వే రాశావు, ఆ ఉత్తరం నా ట్రంకు పెట్టెలో ఉంది. నాగర్‌కర్నూల్‌లో నన్ను లేపి నిలబెట్టినప్పుడు ఆ మాట నా నాలుక చివర ఉంది. చెప్తే నీ పేరు వస్తుందని మింగాను. అందుకే జవాబులు నీ చేత్తో వేసి చూడమన్నాను. నువ్వే చూసుకుంటే నీకు చిన్నతనం ఉండదనుకున్నాను.

నువ్వు నంబరు చూశావు. 'ఇంటి దగ్గర చెప్పేవాళ్ళు ఉండరు' అని రాశావు. అది చదివాక ఇంక నీకు చెప్పాలనిపించలేదు. ఇందులో పంతం కూడా ఉంది, దాచను.

నేను చేసింది విను. బోర్డు మీద రాశాను, ఎకరం అంటే నూరు గుంటలు అని. పిల్లలు నేను ఆటకు రాశాననుకుని నవ్వారు. పెంటమ్మ మనవరాలు లేచి "తప్పు మేడం" అంది. కూర్చోమన్నాను. మళ్ళీ లేచింది. "నలభయ్ మేడం, మా అవ్వను అడుగు" అంది. బయట నిలబెట్టాను. పాఠం అయ్యేదాకా ఎండలో నిలబడింది. లోపల మిగతా ఇరవై మంది ఎకరం నూరు, ఎకరం నూరు అని వల్లె వేస్తుంటే ఆ పిల్ల గడప అవతల నుంచి నన్నే చూసింది.

మర్నాడు పెంటమ్మ వచ్చింది. చేనుకు పోతూ వచ్చింది, చేతిలో కొడవలి ఉంది. "మా తాతల కాన్నుంచి ఎకరానికి నలభయ్ గుంటలే మేడం. నువ్వు నూరు జేసినవంట. మంచిగనే జేసినవ్. గా ఎక్కువ అరవయ్ గుంటలు యాడున్నయో జర సూపియ్యి, దున్నుకుంట" అంది. పరీక్ష కోసం అలా చెప్పాను పెద్దమ్మా అన్నాను. "పరీచ్చకు ఒక ఎకరం, కడుపుకు ఒక ఎకరమా?" అంది. పిల్లలంతా వింటున్నారు. నేను రిజిస్టరు తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాను. ఆమె కొడవలి భుజాన వేసుకుని చేనుకు పోయింది.

మా నాయినకు ఉన్నది పది గుంటలు. పావెకరం. ఎవరడిగినా "పావెకరం" అని ఆ మాటను నోరు నిండా అంటాడు. దాని కోసం తొమ్మిదేళ్ళు పుణెలో మట్టి తవ్వాడు. నేను ఒక్క చాక్‌పీసుతో దాన్ని ఎకరంలో పదో వంతు చేశాను. పండక్కి ఇంటికి పోయినప్పుడు ఆయన పక్కన కూర్చుని తినలేకపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. చెప్పకు. జనవరిలో మీ సార్ మారుస్తానన్నాడు కదా, మార్చనియ్యి. నేను కూడా ఆ రోజే బోర్డు మీద మళ్ళీ నలభై రాస్తాను. నువ్వు చేసింది పొరపాటు, నలుగురూ అయ్యో అంటారు. నాది తెలిసి నేర్పిన తప్పు. నువ్వు నోరు తెరిస్తే అక్టోబరు జవాబులు ఎట్లా వచ్చాయని అడుగుతారు, ఆ ప్రశ్న నా దగ్గరికే వస్తుంది. నీకు ఇంకో కొలువు దొరుకుతుంది. నాకు ఇది పోతే పత్తి చేనే. సభలో వీడియోలు చూపించానని రెండు ముక్కలు చెప్పి దిగిపోతాను.

నీకు చెప్పకుండా నేను నీ పేరు కాపాడాను. నాది కాపాడమని అడుగుతున్నాను.

కృప

*

గద్వాల
నవంబరు 24

కృపా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అబ్బాకు సంగతంతా చెప్పాను, మొదటిసారి నా పని ఏమిటో పూర్తిగా విన్నాడు. విని, "చప్పుడు చెయ్యకు బేటీ. నాలుగు దినాలైతె అందరు మర్చిపోతరు" అన్నాడు. అమ్మీ అదే అంది. మా సార్ అదే అన్నారు. నువ్వూ అదే అన్నావు. ఇంతమంది ఒక్క మాట మీద ఉండటం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. ఈ వారం కూర్చుని అన్ని బడుల అక్టోబరు జవాబులు తెరిచాను. ఎరుపు నుంచి పచ్చకు మారినవి నలభై ఒకటి. నలభై ఒక్క బడుల్లోనూ పిల్లలు వరసగా డెబ్బై ఐదు అన్నారు. నువ్వు ఒక్కదానివి కాదు. నలభై ఒక్క బోర్డుల మీద ఎవరో ఒకరు ఎకరానికి నూరు గుంటలని రాశారు, నిజం చెప్పిన పిల్లల్ని కూర్చోమన్నారు. మాసయ్య సార్ బడి ఇంకా ఎర్రగానే ఉంది. ఆయన నేర్పలేదు.

సభలో చూపించడానికి బొమ్మ నన్నే తయారు చెయ్యమన్నారు. ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు పచ్చ, పైన మీ బడి పేరు. చేశాను. చేసి చూస్తే ఎడమ వైపు ఉన్నవే సరైన జవాబులు. పిల్లలకు వచ్చినదాన్ని మనం ఇద్దరం కలిసి పోగొట్టి, దానికి పచ్చ రంగు వేశాం. జనవరిలో జవాబు మారిస్తే ఏమవుతుందో కూడా చూశాను. డెబ్బై ఐదు నేర్చుకున్న పిల్లలంతా మళ్ళీ ఎర్రబడతారు. అప్పుడు నలుగురిలో లేచి నిలబడేది ఎవరో నీకు తెలుసు.

కార్యక్రమంలో నీ కంటే ముందు నా పేరుంది. ఆ బొమ్మ చూపించను. ఎకరానికి నలభై గుంటలని, మాట మార్చి జవాబు మార్చనిది నేనని, ఫిర్యాదు మూసింది నేనని, మొదటి పరీక్షలో పిల్లలు చెప్పిందే సరైనదని చెప్తాను. ఈ పిల్లలు కొలవలేరని పైకి పంపిన ఆ వాక్యం తప్పని చెప్తాను. నీ పేరు నేను ఎత్తను. అక్టోబరు సంగతి అడిగితే దాచను.

నా కొలువు పోతుంది. నీది పోవచ్చు. నువ్వు వద్దన్నావు. నేను చెప్తున్నాను, శనివారం, వనపర్తిలో, పదకొండు గంటలకు.

అర్షియా